గెడ్డమ్మ బొట్టు

పూనా,
12 జూలై 1967

పూజ్యులైన నీలకంఠం మావయ్యకి,

సూర్యకుమారి నమస్కారాలు. ఈ ఉత్తరం రాస్తూంటే నా గోళ్ళలో ఇంకా సిమెంటు ఉంది. ఏం కట్టానో చెబితే మీరు నమ్మరు. మన ఊళ్ళు కట్టాను మావయ్యా. పలాస కట్టాను, అక్కణ్ణించి టెక్కలి వైపు వెళ్ళే రోడ్డు వేశాను, సముద్రపొడ్డున ఇసుక దిబ్బలు పోశాను, మధ్యలో మీ మొగలివలస పెట్టాను.

నాకు ఇక్కడి జలపరిశోధనశాలలో ఉద్యోగం వచ్చిందని అమ్మ మీకు టెక్కలి నుంచి రాసే ఉంటుంది. లెక్కల ఎమ్మెస్సీ చదివిన పిల్లకి నీళ్ళతో ఏం పని అని మీరు నవ్వుకునీ ఉంటారు. ఇక్కడ ఒక పెద్ద రేకుల షెడ్డు ఉంది. అందులో ఒక వరిమడి అంత జాగాలో మన ఏరు పెద్దగెడ్డ మొత్తం ఉంది. కొండల్లోంచి దిగి, మొగలివలస పక్కగా వచ్చి, రైలు కట్ట కింద వంతెన దాటి సముద్రంలో కలిసే దాకా ప్రతి వంపూ సిమెంటుతో కట్టాం. దీన్ని నమూనా అంటాం. రైలు పట్టా ఒక సన్నని ఇత్తడి బద్ద. ఇళ్ళు చెక్క ముక్కలు. తోటల కోసం కొబ్బరి ఈనెల చీపుళ్ళు కోసి గుచ్చాం. బజారులో అన్ని చీపుళ్ళు కొంటూంటే, మీ ఇల్లు ఎంత పెద్దదమ్మా అని అడిగాడు కొట్టువాడు. మా కొబ్బరితోటల ఉద్దానమంత అన్నాను. పాపం, అతనికేం అర్థమవుతుంది!

ఇదంతా ఎందుకంటే, మద్రాసుకీ కలకత్తాకీ మధ్య తిరిగే రైళ్ళన్నీ ఆ వంతెన మీద నుంచే పోవాలి. అది కూలితే బియ్యం, బొగ్గు, మిలిటరీ సామాను అన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. కొండల్లో పెద్దవాన, సముద్రంలో పోటు, తుఫాను గాలి మూడూ ఒక్కసారే వస్తే వంతెన నిలుస్తుందా, కట్ట పక్కనున్న ఊరు ఏమవుతుంది అని రైల్వే వాళ్ళు అడిగారు. అలాంటిది ఇంతవరకూ రాలేదు. రాని దాన్ని ఇక్కడ రప్పించి చూస్తాం. అక్కడ ఒక రోజంతా పట్టే వరద ఇక్కడ పావుగంటలో వచ్చి పోతుంది.

కానీ నమూనా మాట నమ్మాలంటే ముందు అది పాత వరదను ఉన్నదున్నట్టు చూపించాలి. నేను పుట్టకముందు వచ్చిన ఆ పెద్ద వరద గుర్తు వంతెన స్తంభం మీద రైల్వే వాళ్ళు గీసి ఉంచారు. ఊళ్ళో కూడా ఒక గుర్తు కావాలి. చావిడి స్తంభానికి గెడ్డమ్మ బొట్టు పెట్టేవారు కదా? గెడ్డమ్మ అక్కడిదాకా వచ్చి వెనక్కి వెళ్ళిందని చిన్నప్పుడు మీరే చెప్పారు. సర్వే వాళ్ళు వస్తారు, దగ్గరుండి చూపించండి.

అత్తయ్యకు నమస్కారాలు.

సూర్యకుమారి


మొగలివలస,
30 ఆగస్టు 1967

చిరంజీవి సూర్యకుమారికి మావయ్య ఆశీస్సులు.

పలాస కట్టావా తల్లీ! స్టేషన్లో మంచినీళ్ళ కుళాయి కూడా పెట్టావా? నీ షెడ్డులో నా ఇల్లు ఉందన్నావు కనక ఒక చిన్న మనవి. ఇక్కడ వంటింటి పైన పెంకులు కారుతున్నాయి. అక్కడైనా సరిచేయించి పెట్టు. నీ ఉత్తరం మీ అత్తయ్యకు చదివి వినిపిస్తే, "చీపురు పుల్లలు గుచ్చి ఉద్దానం అంటోందా, దానికి పెళ్ళి చెయ్యమని మీ అక్కకి రాయండి" అంది. రాయనులే.

సర్వే వాళ్ళు వచ్చారు. మూడు కాళ్ళ దుర్భిణి ఒకటి, అంకెలు వేసిన పొడుగాటి కర్ర ఒకటి. ఊరంతా వెంట పడింది. నేను ముందు నడిచాను. ఊరి పెద్ద దాలయ్య కొత్త కండువా వేసుకున్నాడు. ఆ బొట్టు పెట్టే హక్కు బంగారమ్మది. ఏటా తొలకరి తరవాత చావిడికి సున్నం వేయించి, పసుపు రాసి, కుంకం దిద్దేది ఆవిడే. వాళ్ళు కర్ర తీసుకుని అరుగెక్కబోతే ఆవిడ అడ్డం నిలబడింది.

"అమ్మోరి కాడికి సెప్పులేసుకోని ఎక్కీడమేటి బాబూ? ఇప్పండి ముందు."

విప్పారు. కర్ర బొట్టు పక్కన నిలబెట్టి అంకె రాసుకున్నారు. బొట్టు సరిగ్గా నా ఛాతీ ఎత్తున ఉంది. ఆ వరద నాటికి నేను విజయనగరంలో చదువుకుంటున్నాను, చూడలేదు. కానీ ఏటా ఆ బొట్టుకి దండం పెట్టుకుంటున్నప్పుడు, ఇంత నీరు వచ్చి కూడా ఊరిని వదిలేసి వెళ్ళిందే అని గుండె ఝల్లుమంటుంది. ఆ ఝల్లుమనడాన్ని నీ షెడ్డులో కొలవగలవేమో చూడు.

మావయ్య


పూనా,
20 జనవరి 1968

మావయ్యా,

నమస్కారాలు. పోయిన నెలలో నమూనాలో నీళ్ళు వదిలాం. ఇంకా నా మనసు షెడ్డులోనే ఉంది.

పంపు తిప్పగానే కొండల దగ్గరి గొట్టంలోంచి ఎర్రటి నీళ్ళు దిగాయి. దారి కనబడాలని రంగు కలుపుతాం. సముద్రం వైపు ఒక పెద్ద పలక మెల్లగా లేస్తూ దిగుతూ పోటు తెస్తుంది. గెడ్డ మీకు తెలిసిన వంపులన్నీ తిరిగింది. దాలయ్య మామిడితోపు కింద మీరు నాకు ఈత నేర్పిన మడుగు ఉంది చూశారా, దాని నడిమికి పోవద్దు సుడి ఉంటుందని నన్ను జుట్టు పట్టి లాగిన చోటు? సరిగ్గా అక్కడ సుడి తిరిగింది మావయ్యా. ఆ సుడి మేం కట్టలేదు. ఒడ్డు మాత్రమే కట్టాం. నీళ్ళు తమంతట తామే వచ్చి అక్కడ తిరిగాయి. నేను వంగి మళ్ళీ మళ్ళీ చూశాను. మా పెద్ద ఇంజనీరు గారు ఎన్నో నదులు చూసినవారు, ఆయన కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఆ తరవాత వచ్చింది చిక్కు. నీళ్ళు వంతెన స్తంభం మీద రైల్వే వాళ్ళ గీత దగ్గరికి తూచినట్టు వచ్చి ఆగాయి. మీ చావిడి దగ్గర మాత్రం బొట్టుకి చాలా కిందే ఆగిపోయాయి. మళ్ళీ మళ్ళీ వదిలాం. అంతే. ఊరంతా దండం పెట్టే గుర్తు తప్పు కాదు, తప్పు మన నమూనాలోనే ఉందన్నారు పెద్ద ఇంజనీరు గారు. గెడ్డలో గులకరాళ్ళు పోయించారు, చీపురు పుల్లలు ఇంకా ఒత్తుగా గుచ్చించారు. అవి అడ్డుపడి నీళ్ళు పైకి లేచి బొట్టుని అందుకున్నాయి. కానీ సుడి పోయింది. నాకు ఆ నీళ్ళు మన గెడ్డ నీళ్ళలా అనిపించలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ గులకరాళ్ళతో, రాబోయే పెద్ద వరదని వదిలి చూస్తే మొగలివలస ఇళ్ళ కప్పులు కనబడలేదు. రైల్వే వాళ్ళు ఏమంటున్నారంటే, ఊరు ఎలాగూ దక్కదు, కట్ట ఎత్తు పెంచి రైలు మార్గం కాపాడుకుంటాం, ఊరిని కొండ కింద మెట్టకి ఎత్తించేస్తాం అని. మెట్ట అంటే ఆ రాళ్ళ నేలే. కొబ్బరి లేదు, జీడిమామిడి లేదు, నీళ్ళు లేవు. మే నెలాఖరుకి మా రిపోర్టు వెళ్ళిపోతుంది.

ఒక్కసారి కనుక్కోండి మావయ్యా. ఆ బొట్టు మొదటి నుంచీ అక్కడే ఉందా?

సూర్యకుమారి


మొగలివలస,
6 ఫిబ్రవరి 1968

సూర్యకుమారికి,

కావాలనే కార్డు మీద రాస్తున్నాను, పోస్టుమానూ చదువుకోనీ. ఊరంతా అబద్ధాలకోరులమనీ, మీ సిమెంటు తొట్టి ఒక్కటే సత్యహరిశ్చంద్రుడనీ రాశావు. బొట్టు అక్కడే ఉంది, అక్కడే ఉంటుంది. మీ చీపురు పుల్లల కోసం మేము ఊరు ఖాళీ చెయ్యం. దాలయ్య సంగతి చెప్పగానే, "కొండ కింద ఏటి తింతాం మేస్టరుబాబూ, రాళ్ళా?" అన్నాడు. ఆ జవాబు మీ పెద్ద ఇంజనీరుకి వినిపించు.

నీలకంఠం


పూనా,
25 ఫిబ్రవరి 1968

పూజ్యులైన మావయ్యకి,

మీ కార్డు చూసి ఏడుపొచ్చింది. ఇదివరకు ఎప్పుడూ నాకు రాసిన ఉత్తరంలో నీలకంఠం అని సంతకం పెట్టలేదు మీరు.

అయినా అడగక తప్పదు. మీరే నేర్పారు, నిలవనీరు ఎక్కడ చూసినా ఒకే మట్టంగా ఉంటుందని. వరద పొంగి కట్ట అడ్డంపడి నిలిచినప్పుడు ఊళ్ళో నీళ్ళూ, కట్ట దగ్గర నీళ్ళూ ఇంచుమించు ఒకే మట్టం. మీ చావిడిలో ఛాతీ ఎత్తు నీళ్ళు నిలిస్తే రైలు పట్టాలు మునిగి తీరాలి. ఆ ఏడు పట్టాలు మునిగాయా? రైలు ఆగిందా? ఊళ్ళో పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. ఈ ఒక్క మాట అడిగి చెప్పండి.

మేము నమ్మితే మీ బొట్టుని నమ్మాలి, లేదా నీళ్ళని నమ్మాలి. నాకు రెండూ మన ఊరివే.

మీరు తిట్టినా మీ సూర్యకుమారి


మొగలివలస,
18 ఏప్రిల్ 1968

చిరంజీవి సూర్యకుమారికి,

నీ ఉత్తరానికి జవాబు తెలిసి కూడా ఇన్నాళ్ళూ రాయలేకపోయాను. కలం పట్టుకోవడం, పక్కన పెట్టడం. మీ అత్తయ్య విసుక్కుని సిరాబుడ్డి దాచేసింది.

ముందు దాలయ్యని అడిగాను. ఆ ఏడు రైలు ఆగలేదట. మెయిలు మెల్లగా దాటిందట, కిటికీల్లోంచి జనం తొంగి చూశారట, వీళ్ళు చావిడిలో నిలబడి చేతులూపారట. అప్పుడు దాలయ్య చిన్నవాడు. వాళ్ళ పెయ్యని తెచ్చి చావిడి స్తంభానికి కట్టేశాడు. అది రాత్రీ పగలూ అలాగే నిలబడి బతికింది. ఆ పెయ్య కథ ఊళ్ళో అందరూ నూరుసార్లు విన్నదే. నేనూ విన్నాను. ఛాతీ ఎత్తు నీళ్ళలో పెయ్య ఎలా నిలబడిందని అడగాలని మాత్రం నాకెప్పుడూ తోచలేదు.

అక్కణ్ణించి బంగారమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ పసుపుకొమ్ములు నూరుతోంది. ఆ బొట్టు ఎప్పుడూ అక్కడే ఉండేదా అని అడిగాను. ఆవిడ తలెత్తకుండానే చెప్పింది.

"అక్కడెందుకుంతాది బాబూ? మా అత్త ఎట్టినప్పుడు మోకాలి కాడుండీది. పిల్లగుంటలు కాళ్ళెట్టీసీవోరు, కుక్కలు ఒరుసుకోని పొయ్యీవి. అమ్మోరిని అలగ కింద ఎట్టుకుంతామేటి? సున్నం ఏసినప్పుడల్లా నానే కూసింత కూసింత పైకి తెచ్చినాను. ఇప్పుడు దండం ఎట్టుకోడానికి బాగుంది."

"మరి సర్వే వాళ్ళకి చెప్పలేదేం?"

"ఆలు అమ్మోరి బొట్టేదని అడిగినారు, సూపించినాను. నీరెందాకా వొచ్చినాదని అడిగినారేటి?"

అప్పుడు చెప్పాను, పూనాలో ఉన్న మా మేనకోడలు ఆ బొట్టు కదిలిందేమోనని అడుగుతోందని. ఆవిడ చేతిలో పొత్రం ఆగిపోయింది.

"ఎవులు సెప్పినారు ఆ పిల్లకి?"

"ఎవరూ చెప్పలేదు. అక్కడ నీళ్ళు వదిలి చూస్తే, నీళ్ళు ఆ బొట్టు దాకా రానన్నాయి."

"ఏ నీరు? మన గెడ్డ నీరా?"

"కాదు, పూనా నీళ్ళే."

బంగారమ్మ పసుపు చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నా సెయ్యి కదిపిన సంగతి నాకూ అమ్మోరికీ తప్ప ఎవులికీ తెలీదు బాబూ. మరయితే ఆ తల్లి అక్కడికీ ఎలిపోనాదన్నమాట" అంది.

నేను దేవుడితో పెద్దగా మాట్లాడే మనిషిని కానని నీకు తెలుసు. అయినా ఆ మాటని కాదనబుద్ధి కాలేదు. మా ఊళ్ళో మా కళ్ళముందు జరిగింది మాకు తెలియలేదు. అన్ని వందల మైళ్ళ అవతల, మా ఊరి పేరైనా వినని నీళ్ళు అది కనిపెట్టేశాయి. ఇన్నేళ్ళుగా పిల్లలకి నీటి మట్టం పాఠం చెబుతున్నాను. ఆ పాఠం నిజమని నాకు మొన్ననే తెలిసినట్టుంది.

ఊరిని చావిడిలో కూర్చోబెట్టాను. బొట్టు మాట ఎత్తగానే దాలయ్య మండిపడ్డాడు. "అమ్మోరిని దించీమంతారేటి?" అన్నాడు. నీ పెయ్య ఎలా బతికింది దాలయ్యా అని అడిగాను. "పెయ్య పొట్ట కాడికే వొచ్చినాది నీరు" అన్నాడు. ఆ తరవాత ఊరు ఒప్పుకుంది. నీరు మోకాలి ఎత్తునే నిలిచిందని కాగితం రాసి అందరం సంతకాలూ వేలిముద్రలూ పెట్టాం. ఇందులో పెట్టి పంపుతున్నాను. బంగారమ్మ కూడా వేలిముద్ర వేసింది. కానీ ఒక మాట కచ్చితంగా చెప్పింది. "రాత ఎలగ రాసుకుంతారో రాసుకోండి. బొట్టు మాత్రం నాను దించను."

నా కార్డు చింపేయి.

మావయ్య


పూనా,
9 ఆగస్టు 1968

పూజ్యులైన మావయ్యకి,

మీ కాగితం అందగానే పెద్ద ఇంజనీరు గారు రిపోర్టు ఆపించారు. ఆ మధ్యాహ్నమే గెడ్డలోంచి గులకరాళ్ళు ఏరేశాం, దండిగా గుచ్చిన పుల్లలు పీకేశాం. నీళ్ళు వదిలాం. సుడి మళ్ళీ వచ్చింది! నీళ్ళు చావిడి ఎక్కి స్తంభం మీద మోకాలి ఎత్తున ఆగాయి. వంతెన దగ్గర గీతనీ తాకాయి. అక్కడా ఇక్కడా ఒకేసారి. అందరం గట్టిగా అరిచాం. పెద్ద ఇంజనీరు గారు బంగారమ్మ గారికి తన నమస్కారం రాయమన్నారు. ఆయన మరాఠీ ఆయన, వాళ్ళ ఊరి నది ఒడ్డున కూడా ఇలాంటి గుర్తు ఉందట. దాన్ని ఎవరైనా జరిపారేమోనని ఇప్పుడు దిగులు పట్టుకుందట.

ఆ తరవాత రాబోయే వరదని వదిలాం. వాన, పోటు, గాలి మూడూ. కట్ట ఇప్పుడున్నట్టే ఉంటే ఊరు మునుగుతుంది, వంతెన స్తంభాల కింద ఇసుక కోసుకుపోతుంది. కట్ట ఎత్తు పెంచితే ఊరికి ఇంకా చేటు. అప్పుడు కట్టని రెండు చోట్ల కోసి కొత్త కల్వర్టులు పెట్టి చూశాం. నీళ్ళు వాటిలోంచి ఉప్పుమళ్ళ మీదకి పరుచుకుని సముద్రానికి వెళ్ళిపోయాయి. వంతెన నిలిచింది. మీ చావిడి దగ్గర నీళ్ళు రెండో మెట్టు దాకా వచ్చి, ఆగి, వెనక్కి వెళ్ళాయి. రెండో మెట్టు మావయ్యా! అరుగు కూడా ఎక్కలేదు. అంత వరద ఒక మెట్టు దగ్గర తలవంచి వెళ్ళిపోవడం చూస్తూంటే, నేను కట్టినదేనా ఇది అని భయం వేసింది.

రైల్వే వాళ్ళు కల్వర్టులకి ఒప్పుకున్నారు. ఊరు ఎక్కడికీ కదలక్కర్లేదు. నీళ్ళు ఏ ఇంటి దగ్గర ముందు చేరతాయో, ఏ సందులోంచి తిరుగుతాయో ఆ వరస వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను.

ఒక బాధ మాత్రం ఉంది. సోమవారం నమూనాని పగలగొట్టేస్తారు. ఇక్కడ ఇంకేదో నది కట్టాలి. అందరూ వెళ్ళాక నేను ఒక్కదాన్నీ లోపలికి వెళ్ళి, అమ్మ పంపిన కుంకం మీ చావిడి రెండో మెట్టుకి పెట్టి వచ్చాను. మీ ఇల్లు పగలగొట్టనివ్వలేదు. చెక్క ముక్కని తెచ్చి నా బల్ల మీద పెట్టుకున్నాను. ఇక్కడ పెంకులు కారడం లేదు.

సూర్యకుమారి


మొగలివలస,
24 నవంబరు 1969

చిరంజీవి సూర్యకుమారికి,

మీ అత్తయ్యా నేనూ ఊరివాళ్ళందరం బాగున్నాం. ఈ మాట ముందే రాశాను, ఎందుకంటే రైళ్ళు ఆలస్యమయ్యాయని పేపర్లో చదివి కంగారు పడుతూంటావు.

నువ్వు నీ షెడ్డులో రప్పించిన వరద ఇక్కడికి వచ్చింది తల్లీ. దీపావళి పోయాక వాన పట్టింది, వదల్లేదు. తరవాత తూర్పు నుంచి గాలి. మర్నాటికి సముద్రం పోటు ఎక్కింది. మూడూ ఒక్కసారే. జనం గొడ్డూ గోదా తోలుకుని చావిడికి చేరారు. కొండ వైపు పోదాం అన్నవాళ్ళూ ఉన్నారు. నీ ఉత్తరం ఇదివరకే ఊరంతటికీ చదివి వినిపించాను కదా, దాలయ్య అడ్డుపడి, "ఆ పిల్ల రెండో మెట్టంది. రెండో మెట్టు మునిగితే అప్పుడు ఎలదాం" అన్నాడు. అన్ని ప్రాణాలు నీ మాట మీద నిలబడ్డాయి.

పట్టపగలే ఆకాశం మసకబారిపోయింది. గెడ్డ ఒడ్డు దాటి పొలాల మీదుగా ఎర్రగా వచ్చింది. ఏ ఇంటి దగ్గర ముందు నీళ్ళు చేరతాయో, ఏ సందులోంచి తిరుగుతాయో నువ్వు రాసిన వరసలోనే వచ్చింది. మొదటి మెట్టు మునిగింది. రెండో మెట్టు అంచుకి ఒక కొబ్బరి పీచు తేలుతూ వచ్చి తగులుకుంది. అందరం ఆ పీచునే చూస్తున్నాం. అది కాస్త పైకి లేచింది, తిరిగింది, మెట్టు మీద పడుకుంది. అక్కడే ఉండిపోయింది. ఇంకా లేస్తుందేమోనని ఎదురుచూస్తూనే ఉన్నాం. కట్ట వైపు చూస్తే కొత్త కల్వర్టుల్లోంచి నీళ్ళు హోరున ఉప్పుమళ్ళ మీదకి పోతున్నాయి. ఆ పైన మెయిలు మెల్లగా వచ్చింది. పట్టాలు పొడిగా ఉన్నాయి. కిటికీల్లో మనుషులు కనిపించారు. ఊరి పెద్ద దాలయ్య చిన్నపిల్లాడిలా చేతులూపాడు, ఏడుస్తూ. నేనూ ఊపాను.

సాయంత్రానికి నీళ్ళు తీశాయి. పీచు మెట్టు మీద మిగిలింది.

అప్పుడు బంగారమ్మ లేచింది. మోకాళ్ళ నొప్పులతో వంగలేని మనిషి, బురదలోనే చతికిలబడి కూర్చుంది. కొంగుతో రెండో మెట్టు తుడిచి, పసుపు రాసి, కుంకం పెట్టింది. దాలయ్య ఊరుకోలేక, "అమ్మోరిని తొక్కుడుకాడ ఎట్టీసినావేటి?" అన్నాడు.

"ఆ తల్లి వొచ్చిన కాడే ఎట్టినాను. నువ్వే దాటుకోని ఎల్లు" అంది.

తరవాత పట్టుపట్టి అరుగెక్కి, స్తంభం మీద ఉన్న పాత బొట్టు దగ్గర నిలబడింది. కాసేపు దానికి దండం పెట్టుకుంది. తడి గుడ్డతో తనే తుడిచేసింది.

ఇప్పుడు మా ఊళ్ళో ఆ మెట్టు ఎవరూ తొక్కడం లేదు. పెద్దవాళ్ళు కాలు చాచి దాటుతున్నారు, పిల్లలు గెంతుతున్నారు. నిన్న స్కూలు ఇన్‌స్పెక్టరు గారు తెలియక కాలు పెట్టబోతే చావిడిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి కేక పెట్టారు. ఆయన ఒంటికాలి మీద నిలబడిపోయాడు. నేను చెయ్యి అందించి దాటించాను.

బంగారమ్మ నీకు రాయమన్న మాట ఒకటుంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"ఆ పిల్లకి సెప్పు బాబూ. ఈపాలి నాను కదపను."

మావయ్య